కడపలో ఆదివారపు కథారచన తరగతి: ఒక సమీక్ష

కథలు రాయాలన్న కోరిక ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారికి, కడపలో ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకులు తమ ఇంటి మిద్దెమీద ఆదివారం ఉదయాల్లో నడిపే కథారచన తరగతిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రాసినదాన్ని అచ్చు వేయించుకునే మార్గాల కోసమే వెళ్లదలచినవారు మాత్రం మరో దారి చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ విషయంలో అక్కడ దొరికేది శూన్యం.

వృత్తిరీత్యా నేను దస్తావేజు లేఖరిని. మా వీధి గురించి విశేషణాలు లేకుండా ఒక పుట రాయమన్నప్పుడు, అలవాటు కొద్దీ తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట పంచాయతీ బాట అంటూ చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, రాసి ఇచ్చాను. తరగతిలో నవ్వారు గాని అయ్యవారు నవ్వలేదు. కాగితం మీద వేలు పెట్టి, "ఆ తూర్పు హద్దు ఇంట్లో ఎవురుంటారు నాయనా? వాళ్లకూ మీకూ మాటలుండాయా?" అని అడిగారు. మాటలు లేవు, గోడ తగాదా పుణ్యమా అని రెండు కుటుంబాలూ పలకరించుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి రాయడానికి కూర్చున్నవాణ్ని మధ్యాహ్నం భోజనం వేళ దాటినా లేవలేకపోయాను. నాకు ఈ పని ఇంత ఇష్టమని అంతకుముందు తెలియదు.

ఈ తరగతిలో అన్నిటికంటే విలువైనది సంభాషణలపై ఇచ్చే శిక్షణ. వేరుశనగ చేలో కూలికి వెళ్లే పాత్ర చేత "నీవు ఎక్కడికి వెళ్తున్నావు?" అనిపించిన ఒక అభ్యాసకురాలిని, అదే మాటను మీ అవ్వ ఎట్లా అంటుందో గట్టిగా చదవమన్నారు, "యాడికి పోతాండావే?" అనగానే పాత్రకు ప్రాణం వచ్చింది. అయితే యాసను వాక్యం వాక్యానికీ దట్టించి రాస్తే ఆయన అంతే నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తారు.

తిరగరాయడం గురించిన పాఠం ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయంలో జరిగింది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను పక్కపక్కన పెట్టించి పాఠభేదాలు సరిచూయించాడు. ఆ బంగళా ఉన్నచోటనే సాహితీవేత్త జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో గ్రంథాలయం వెలసింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. ఇతరుల కావ్యాలకే అంత శ్రమ పడినప్పుడు, సొంత కథకు రెండో ప్రతి రాయడానికి బద్ధకమెందుకన్నది అయ్యవారి వాదన. నా మటుకు నాకు అది బాగా నాటుకుంది.

లోపాలు లేకపోలేదు. వచన కవిత్వమంటే అయ్యవారికి పెద్దగా గిట్టదు కనుక, కవులు నొచ్చుకోకుండా తిరిగిరావడం కష్టం. జనం ఎక్కువైన వారం మన కథ చదివే వంతు రాకపోవచ్చు. ఎండాకాలంలో ఆ రేకుల పందిరి కింద పది దాటితే కూర్చోలేము. కడప ఎండ గురించి వేరే చెప్పనక్కరలేదు.

టైపు చేసిన కాగితాలు తీసుకోరు. చేత్తో, వరుస విడిచి వరుస రాసుకుపోవాలి కాబట్టి రుసుము కంటే నోటు పుస్తకాలకే ఎక్కువ ఖర్చవుతుంది.