సీటీ కాంట్రాస్టా, ఎంఆర్‌ఐ కాంట్రాస్టా: ఏది ఎవరికి ఇబ్బంది?

స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనబడాలని నరంలోకి ఎక్కించే మందే కాంట్రాస్ట్. సీటీకి ఎక్కించేది అయోడిన్ మందు. ఎక్కగానే ఒళ్లంతా వెచ్చబడుతుంది, నోట్లో లోహపు రుచి తగులుతుంది. కాసేపట్లో తగ్గిపోతుంది, టెన్షన్ అక్కర్లేదు. దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పాలి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 30 కంటే తక్కువుంటే కిడ్నీ ఇంకా దెబ్బతినే ముప్పుంది. అలాంటివాళ్లు షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి దాచకూడదు. రొయ్యలు పడనివాళ్లకి ఈ మందూ పడదనడం ఒట్టి అపోహ.

ఎంఆర్‌ఐకి వాడే గాడోలినియంతో అలర్జీలు ఇంకా అరుదు. కానీ కిడ్నీలు బాగా పాడైనవాళ్లలో కొన్ని పాత రకాల వల్ల చర్మం గట్టిపడి, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. మెదడులోనూ కొంత మిగిలిపోతోందని తేలాక (దానివల్ల హాని రుజువు కాలేదు), 2017లో యూరప్ కొన్ని లీనియర్ రకాలను (గాడోలినియాన్ని వదులుగా పట్టి ఉంచేవి) ఆపేసింది. దాన్ని గట్టిగా బంధించి ఉంచే మాక్రోసైక్లిక్ రకం చాలా నయం. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఏ రకం ఎక్కిస్తున్నారో నిస్సంకోచంగా అడగాలి.