ఇంట్లో లినక్స్‌కు పాత ఆఫీసు డబ్బా: మూడేళ్ళు వాడాక

ఇంట్లో లినక్స్ (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కోసం తక్కువలో మంచి కంప్యూటర్ కావాలంటే, ఆఫీసులు తీసేసిన చిన్న కంప్యూటర్ డబ్బాలను ముందు చూడండి. మా ఇంట్లో మూడేళ్ళకు పైగా రీఫర్బిష్డ్ (పాతది బాగుచేసి అమ్మిన) డెల్ ఆప్టిప్లెక్స్ 3050 మైక్రో, లినక్స్‌లో ఒక రకమైన మింట్‌తో నడుస్తోంది. తిరుపతిలో నాకు కావలసిన మోడల్ దొరక్క, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. 8 జీబీ ర్యామ్‌తో 12 వేల లోపే పడింది. విండోస్ 11కు దాదాపుగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచే అధికారికంగా అనుమతి ఉంది కాబట్టి అంతకు ముందువి చవక. లినక్స్‌కు ఆ పేచీ లేదు.

ప్రాసెసర్ ఏడో తరం ఐ5-7500టీ. ఆరో తరం ఇంకా తక్కువకే ఇస్తామన్నారు, నేను ఏడో తరమే కావాలన్నాను. యూట్యూబ్ ఎక్కువగా వాడే వీపీ9 అనే ఫార్మాట్ వీడియోను ఇంటెల్ గ్రాఫిక్స్ పూర్తిగా తానే చూసుకోవడం ఏడో తరం నుంచే. లేకుంటే ఆ బరువు ప్రాసెసర్ మీద పడుతుంది. ఏవీ1 అనే ఇంకో ఫార్మాట్ వీడియోకు మాత్రం ఇందులో ఆ సాయం లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఏవీ1 ఆపేస్తే యూట్యూబ్ వీపీ9 వీడియోనే పంపుతుంది, అలాగే చేశాను, ఇప్పుడు పాప ఆన్‌లైన్ క్లాసు వీడియోలు హాయిగా ఆడుతున్నాయి.

కొనేముందు మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి కొట్లోనే బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. వైఫై, సౌండ్, యూఎస్‌బీ పోర్టులు అన్నీ అక్కడే తేలిపోతాయి. బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ అడిగే డబ్బా ఎంత చవకైనా వద్దు. వైఫైకి ఇంటెల్ కార్డు ఉన్నది చూసుకోండి, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే ఉంటుంది. మా బంధువుల ఇంట్లో డ్రైవర్ కెర్నెల్‌లో లేని చవక యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టారు, కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ నెట్ పోయి ఒకటే టెన్షన్.

మిగిలిన డబ్బు ఎస్ఎస్‌డీకి (వేగంగా పనిచేసే డిస్కు), ర్యామ్‌కు పెట్టండి. ర్యామ్ 16 జీబీ చేశాక బ్రౌజర్, లిబ్రాఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్) కలిపి తెరిచినా తడబాటు లేదు.

మే నెల ఎండల్లో కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద నిశ్చింతగా నడుస్తుంది, ప్రాసెసర్ 35 వాట్లదే కదా. ఏడాదికోసారి మూత తీసి ఫ్యాను దుమ్ము దులపాలి, ఇక్కడి ధూళికి అది తప్పదు. గేమ్స్ కోసం గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనుకుంటే మాత్రం ఇందులో చోటు లేదు, పెద్ద టవర్ మోడలే తీసుకోండి.