ఊరి పేరు దగ్గర తడబడే దిద్దుబాటు సేవ

ఇంగ్లీషు రాతలోని తప్పులను పట్టి చూపే ఒక ఆన్‌లైన్ సేవకు ఏడాది చందా కట్టి, నేను చేసే అనువాదాలను, యాత్రా వ్యాసాలను, చివరికి ఉత్తరాలను కూడా దానికి చూపించాకే పంపుతూ వచ్చాను. వాక్య నిర్మాణంలో, క్రియల కాలాల్లో అది బాగా పనికొస్తుందని ఒక్క మాటలో చెప్పి, నా పనిలో ప్రతిరోజూ ఎదురయ్యే ఊళ్ల పేర్ల విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను. ఊరి పేరు సంజ్ఞానామం. అందులో ఒక అక్షరం, ఒక గీత, ఒక చుక్క తేడా వచ్చినా అది వేరే ఊరైపోతుంది, లేదా ఊరే కాకుండా పోతుంది.

ముందుగా దీని బలం చెప్పాలి. స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్ పేరులో మాటల మధ్య హైఫన్లు ఉంటాయి, న్యూకాసిల్ అపాన్ టైన్‌లో ఉండవు. కింగ్స్ లిన్‌లో అపాస్ట్రఫీ ఉంటుంది, సెయింట్ ఆండ్రూస్‌లో ఉండదు. వీటికి సూత్రమంటూ ఏదీ లేదు, ఆ ఊరివాళ్లు ఎలా రాసుకుంటే అదే ఒప్పు. ఇలాంటి చోట్ల ఈ సేవ నన్ను చాలాసార్లు కాపాడింది. పేరు మధ్యలోని ‘అపాన్’, ‘ఆన్’ వంటి చిన్న మాటలను చిన్న అక్షరంతోనే మొదలుపెట్టాలని గుర్తుచేయడంలోనూ అది ఒక్కసారి కూడా పొరబడలేదు.

చిక్కు వచ్చేది, ఊరి పేరూ మామూలు మాటా ఒకే స్పెల్లింగులో ఉన్నప్పుడు. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అన్న భేదం లేదు కనుక పేరుకు పెద్దక్షరం పెట్టాలన్న స్పృహ మనకు నేర్చుకుంటే వచ్చేదే. అయితే మన లిపి ఉచ్చారణను దాచదు: ఇంగ్లండులోని ఊరు రెడింగ్, చదవడం రీడింగ్, ఫ్రాన్సులోని నగరం నీస్, బాగుందనే మాట నైస్, అలబామాలోని నగరం మొబీల్, చేతిలోని ఫోను మొబైల్. ఇంగ్లీషులో ఈ జంటలు కంటికి ఒక్కటే, పెద్దక్షరం మాత్రమే వాటిని విడదీస్తుంది. ‘అతడు రెడింగ్‌లో పనిచేస్తున్నాడు’ అనే ఇంగ్లీషు వాక్యంలో నేను పొరపాటున చిన్న అక్షరం వేస్తే ఎర్ర గీత పడలేదు. పరీక్షగా మిగిలిన రెండు పేర్లనూ అలాగే వాక్యం మధ్యలో పెట్టి చూశాను. మొబీల్‌ను పట్టుకుంది, నీస్‌ను వదిలేసింది. అందరికీ తెలిసిన లండన్, షికాగోలను దిద్దడానికి డబ్బు కట్టి వాడే సేవ అవసరం లేదు, సందేహం పుట్టే చోటనే దాని అవసరం.

వదిలేయడం కంటే పెద్ద లోపం, అడగకుండా మార్చేయడం. కాన్సస్ రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ అనే ఊరుంది. దాని స్పెల్లింగు చివర హెచ్ ఉండదు. పెన్సిల్వేనియాలోని పెద్ద నగరం పిట్స్‌బర్గ్‌కు హెచ్ ఉంటుంది. ఆ నగరం పేరులోని హెచ్‌ను కూడా అమెరికా భౌగోళిక నామాల మండలి 1891లో తీసేసి, స్థానికులు ఒప్పుకోకపోవడంతో 1911లో తిరిగి ఇచ్చింది. ఒక్క అక్షరం కోసం ఇరవై ఏళ్లు పట్టుబట్టిన ఊరది. నేను కాన్సస్ చిరునామాతో ఉత్తరం రాస్తుంటే, పక్కనే రాష్ట్రం పేరు కనిపిస్తున్నా ఈ సేవ ఆటోకరెక్ట్‌లో హెచ్ తగిలించింది. అచ్చు తీసిన కాగితం మీద చూశాను కనుక సరిపోయింది. ఊరి పేరు పక్కన రాష్ట్రం పేరు రాసేదే ఇలాంటి అయోమయం రాకూడదని. ఆ రెండో పేరును చదవకుండా మొదటిదాన్ని దిద్దడం నాకు క్షమించదగినదిగా తోచలేదు.

ఊరి పేరు ముందు ‘ది’ రాకూడదన్న నియమాన్ని కూడా ఇది మరీ మొండిగా పాటిస్తుంది. మామూలుగా ఆ నియమం సరైనదే. కానీ ‘1920ల నాటి పారిస్’ అని ఒక కాలానికి కట్టిపెట్టి రాసేటప్పుడు ఇంగ్లీషులో ‘ది’ ఉండి తీరాలి, దాన్నీ తప్పుగానే చూపించింది. ది హేగ్ విషయంలో ‘ది’ పేరులో భాగం కనుక, వాక్యం మధ్యలోనూ సాధారణంగా పెద్దక్షరంతో రాస్తారు. ఇది చిన్నక్షరం చేయమంది. ‘సిటీ’ అన్న మాట దగ్గర మాత్రం మెచ్చుకోవాలి. మెక్సికో సిటీలో అది పేరులో భాగమనీ, షికాగో నగరం అన్నప్పుడు మామూలు మాటేననీ బాగానే గ్రహించింది.

ఇప్పుడు ఆటోకరెక్ట్‌ను పూర్తిగా ఆపేసి, సూచనలను మాత్రమే ఉంచుకున్నాను. తరచుగా వాడే పేర్లను సొంత డిక్షనరీలో చేర్చాను. ఆ తరువాత పిట్స్‌బర్గ్ తంటా మళ్లీ రాలేదు కనుక, చందా కట్టేవారు మొదటి రోజే ఈ రెండు పనులూ చేసుకోవాలని నా సలహా. వెస్ట్‌వర్డ్ హో! అనే ఇంగ్లండు తీరపు ఊరికి మాత్రం ఈ ఉపాయం పనిచేయలేదు. ఆ ఆశ్చర్యార్థకం పేరులోనిదే. డిక్షనరీలో చేర్చినా సరే, వాక్యం అక్కడితో ముగిసిందనుకుని తరువాతి మాటకు పెద్దక్షరం పెట్టమని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.