ఇన్‌కాయిస్ సముద్ర సూచనలు: వాకాడు తీరం పడవలకు ఎంతవరకు పనికొస్తాయి?

తిరుపతి అంటే కొండే గుర్తొస్తుంది గానీ, 2022లో జిల్లాలు విడిపోయాక వాకాడు, తడ వైపు సముద్రమూ ఈ జిల్లాలోకే వచ్చింది. అక్కడి ఫైబర్ పడవలకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే సూచనలు ఉచితం, తెలుగులోనూ దొరుకుతాయి.

అందరూ ముందు చూసేది చేపల జాడ. రేవు పేరు, దిక్కు, డిగ్రీలు, దూరం, లోతు ఇస్తారు. లోతు మీటర్లలో ఉంటుంది. బారల్లో కావాలంటే 1.8తో భాగించుకోండి, 30 మీటర్లంటే దాదాపు పదహారున్నర బారలు. ఉపగ్రహం చూసేది నీటి వేడిని, నీటి పచ్చదనాన్ని. చేపను కాదు. అందుకే ఏ చేప పడుతుందో అందులో ఉండదు. మబ్బు కమ్మితే సమాచారమే రాదు. వేట నిషేధం (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14) రోజుల్లోనూ ఇవ్వరు. 20 కిలోమీటర్ల దూరం చూపిస్తే ముందు పెట్రోలు లెక్కేయండి: 9.9 గుర్రాల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిండు జోరులో గంటకు దాదాపు 4 లీటర్లు తాగుతుంది. పోను రాను అయ్యేదానికి సగం అదనంగా వేసుకోవాలి.

మా మార్కులన్నీ అలల సూచనకే. అయితే దాన్ని చదవడం తెలియాలి. "అల ఎత్తు 1.5 మీటర్లు" అంటే మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు అని అర్థం, మధ్యలో ఒకటి రెండింతలకు దగ్గరగా లేచి రావచ్చు. ఎత్తు పక్కనే ఉండే సెకన్లను (ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సమయం) చాలామంది వదిలేస్తారు. అదే తప్పు. 6 సెకన్ల అల గాలికి లేచింది, గాలి తగ్గితే అణుగుతుంది. 12 సెకన్లది ఎక్కడో దూరాన పుట్టింది; నడిసముద్రంలో పడవకు తెలియను కూడా తెలియదు, ఒడ్డు దగ్గర మాత్రం ఎత్తుగా లేచి విరుగుతుంది. గాలి వేగం నాట్లలో (సముద్రంలో వాడే వేగపు కొలత) ఉంటే 1.85తో గుణించండి, గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. గాలి గంటకు 45 కిలోమీటర్లు దాటే సూచన ఉంటే పడవ ఇసుక మీదే ఉండాలి.

చిన్న పడవ తిరగబడే ప్రమాదాన్ని పది రోజుల ముందే చెప్పే సూచన కూడా ఉంది, వెడల్పు 7 మీటర్ల లోపు పడవలకు.

ఇవన్నీ బయటి సముద్రానికి. పులికాట్ మొగ (సరస్సు సముద్రంలో కలిసే చోటు) దగ్గర సంగతి వేరు. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి పోటు కూడా మీటరు చుట్టుపక్కలే, అష్టమికి అందులో సగం కూడా ఉండదు. ఆ మీటరుతోనే మొగలో ఇసుకతిప్ప మునగడమో తేలడమో. కార్తీక మాసపు ఈశాన్య గాలి లోపలికి తోస్తుంటే, ఆటు నీళ్లు బయటికి లాగుతుంటే, రెండూ ఎదురై అలలు నిట్టనిలువుగా లేస్తాయి. పోటు పట్టిక చూసి, పోటు నిండే చివరి గంటలో లోపలికి రావాలి. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు.

ఫోన్ సిగ్నల్ తీరం దాటాక కొద్ది దూరానికే పోతుంది. అక్కడ జెమిని పరికరం ఉపగ్రహం నుంచి హెచ్చరికలు అందుకుంటుంది, కానీ మీ మాట ఒడ్డుకు పంపదు. అది ఉంది కదా అని వీహెచ్‌ఎఫ్ సెట్టు (ఒడ్డుతో మాట్లాడే రేడియో) ఇంట్లో పెట్టి పోకండి.