ఓవాప్రిమ్: ఒక్క సూదితో పనవుతుంది, తల్లిచేప సిద్ధంగా ఉంటే

హేచరీలో తల్లిచేప చేత గుడ్లు పెట్టించడానికి ఎక్కించే హార్మోన్ మందు ఓవాప్రిమ్. పీయూష గ్రంథి ద్రావణం (వేరే చేపల తలలోంచి తీసిన గ్రంథి రసం) మానేసి దీనికి మారి చాలా సీజన్లయింది. దీనికే ఓటు. ఇదేదో ఎక్కువ గుడ్లు పెట్టిస్తుందని కాదు, చేపను రెండోసారి పట్టే పని తప్పిస్తుందని. గ్రంథి ద్రావణమైతే ఆడచేపకు ముందు కిలోకు 2–3 మి.గ్రా., ఆరు గంటలాగి మళ్లీ 5–8 మి.గ్రా. ఎక్కించాలి. ఆ రెండో పట్టుడులోనే పొలుసులూడి, చేప బెదిరి పని చెడేది.

ఒక మి.లీ. ఓవాప్రిమ్‌లో 20 మైక్రోగ్రాముల సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్ అనలాగ్ (సాల్మన్ చేప మెదడు హార్మోన్‌ను పోలిన కృత్రిమ హార్మోన్), 10 మి.గ్రా. డోంపెరిడోన్ ఉంటాయి. మొదటిది చేప సొంత పీయూష గ్రంథి చేతే హార్మోన్ వదిలిస్తుంది. దానికి అడ్డుపడే డోపమైన్‌ను రెండోది ఆపుతుంది. అంతే తప్ప లేని గుడ్లను పుట్టించదు.

కిలోకు శీలావతి ఆడచేపకు 0.3–0.4 మి.లీ., బొచ్చెకు 0.4–0.5, ఎర్రమోసుకు 0.25–0.3 చాలు. మగవాటికి 0.1–0.2. 2.4 కిలోల శీలావతికి 0.35 చొప్పున 0.84 మి.లీ. అవుతుంది. ఇంత సన్నని లెక్కకు 1 మి.లీ. సిరంజే వాడాలి. మందు కాస్త చిక్కన, గాలి బుడగ ఒక పట్టాన పైకి రాదు. బుడగ ఉండిపోతే ఆ మేరకు మోతాదు తగ్గినట్టే. వెన్నురెక్కకూ, చేప పక్కన పొడవునా కనబడే గీతకూ మధ్య, పొలుసు కిందుగా 45 డిగ్రీల వాలులో గుచ్చి మెల్లగా ఎక్కించాలి. సూది తీయగానే అక్కడ బొటనవేలితో రుద్దకపోతే మందు వెనక్కి కారుతుంది.

తప్పంతా జరిగేది చేపను ఎంచుకోవడంలోనే. ఉబ్బిన పొట్ట చూసి మోసపోవద్దు, అది మేత కావచ్చు, కొవ్వూ కావచ్చు. సన్న గొట్టంతో కొన్ని గుడ్లు లాగి, ఆల్కహాల్ 60, ఫార్మలిన్ 30, ఎసిటిక్ ఆమ్లం 10 పాళ్ల ద్రావణంలో వేసి కొన్ని నిమిషాలు ఆగండి. గుడ్డు తేటపడి కేంద్రకం కనబడుతుంది. అది అంచుకు జరిగి, గుడ్లన్నీ ఒకే సైజులో ఉంటే సూది వేయొచ్చు. నడుమనే ఉంటే చేపను చెరువుకు పంపేయడం మేలు. గుడ్లు పక్వానికి రాని చేపకు వేస్తే గుడ్లు ద్వారం దగ్గర బిగుసుకుపోతాయి, చేప చస్తుంది. మోతాదు పెంచినా ఫలితం అదే.

సూది వేశాక 28 డిగ్రీల నీటిలో 8–12 గంటల్లో చేప గుడ్లు వదులుతుంది, చల్లబడితే ఇంకా ఆలస్యం. గుడ్లు చేత్తో పిండేటట్లయితే చేపను తుడిచి, పొడి పళ్లెంలోకే పిండాలి. నీళ్లు తగిలాయా, మగచేప పాలలోని (వీర్యంలోని) కణాలు అప్పుడే చురుకై నిమిషం తిరక్కుండా ఉడిగిపోతాయి.

మార్పు చేపలో మగవాటి పేచీని మాత్రం ఈ మందూ తీర్చలేదు. పొట్ట నొక్కితే పాలు రావు, కోసి వృషణాలు తీయాల్సిందే.