ద్వారకానగర్‌లో కొన్న ప్రశ్నోత్తరాల సంకలనం: సమాధానాలు పూర్తిగా, ప్రశ్నలు ముక్కలుగా

విశాఖపట్నం ద్వారకానగర్ సందుల్లో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు ఎన్ని ఉన్నాయో, వాటిని నమ్ముకుని బతికే జెరాక్సు దుకాణాలు అంతకు రెట్టింపు ఉంటాయి. అలాంటి ఒక దుకాణంలో కిందటి నెల ఒక స్పైరల్ బైండింగు పుస్తకం కొన్నాను. విశాఖపట్నం గురించి చట్టసభల సభ్యులు మంత్రులను అడిగిన ప్రశ్నలను, వాటికి మంత్రులిచ్చిన సమాధానాలను లోక్‌సభ, రాజ్యసభ, రాష్ట్ర శాసనసభ అనే మూడు భాగాలుగా తెలుగులో కూర్చిన 412 పుటల సంకలనం అది. వెల 400 రూపాయలు. కౌంటరు దగ్గరి కుర్రవాడు "మనవడు గ్రూప్స్ రాస్తున్నాడా మాస్టారూ?" అని అడిగాడు. నాకోసమేనంటే నమ్మినట్టు కనిపించలేదు గానీ ఇరవై రూపాయలు తగ్గించాడు. దుకాణం పేరు, సంకలనకర్త పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పవలసిన వాటిలో మెప్పు కన్నా ఫిర్యాదు కాస్త ఎక్కువగా ఉంది, వారిది చిన్న వ్యాపారం.

ముందుగా మెచ్చుకోవలసిన సంగతి. పుస్తకంలో నక్షత్ర గుర్తు గల ప్రశ్నలున్న పుటలను లేత ఆకుపచ్చ కాగితం మీద, గుర్తు లేని ప్రశ్నలున్న పుటలను తెల్ల కాగితం మీద ముద్రించారు. లోక్‌సభ సచివాలయం ప్రశ్నల జాబితాలను ముద్రించే పద్ధతి కూడా ఇదే. అక్కడ అత్యవసరంగా అడిగే స్వల్ప వ్యవధి ప్రశ్నలకు లేత గులాబీ రంగు వాడతారు. ఈ రంగుల వెనుక ఉన్న తేడాను తెలిసిన మనిషే ఈ పుస్తకం కూర్చాడని మొదటి అయిదు నిమిషాల్లోనే అర్థమైంది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి నోటితో సమాధానం చెప్పాలి, ఆ వెంటనే సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద సమాధానం వస్తుంది, అనుబంధ ప్రశ్నలకు తావుండదు. లోక్‌సభలో రోజుకు మొదటి రకం 20, రెండో రకం 230. రాజ్యసభలో 15, 160. ఎవరి ప్రశ్న ముందు రావాలన్నది లాటరీ తేలుస్తుంది. ఆకుపచ్చ జాబితాలో చోటు దక్కినా పేరు పిలిచే దాకా ప్రశ్నలకు కేటాయించిన గంట మిగలాలి. 2019 నవంబరు 27న లోక్‌సభలో 20 ప్రశ్నలూ పూర్తయితే అది పత్రికలకు వార్త అయిందంటే మిగిలిన రోజుల సంగతి ఊహించుకోవచ్చు. ఇదంతా ముందుమాటలో రెండు పుటల్లో, తప్పు లేకుండా, నీరసం లేకుండా చెప్పారు.

ముందుమాటలోనే కొంత చరిత్ర కూడా ఉంది. 1892 నాటి కౌన్సిళ్ల చట్టంతో ప్రశ్న అడిగే హక్కు రావడం, 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా మొదటి ప్రశ్న అడగడం, పర్యటనకు వచ్చిన దొరల బసలకు సరుకులు సమకూర్చలేక పల్లె దుకాణదారులు పడే అవస్థ అందులోని విషయం కావడం వివరించారు. ఎల్‌ఐసీ సొమ్మును ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టడంపై 1957లో వచ్చిన ప్రశ్న చివరకు 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా దాకా వెళ్లిన వైనం అర పుటలో ఉంది. ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను పార్లమెంటు బహిష్కరించిన ఉదంతం మాత్రం లేదు. గొప్పలు రాసిన చోట అది కూడా ఉండవలసింది.

ఇక అసలు ఫిర్యాదు. పుస్తకంలో మంత్రుల సమాధానాలు అక్షరం పోకుండా ఉన్నాయి, కానీ ప్రశ్నలను రెండు మూడు పంక్తులకు కుదించారు. కాగితం ఆదా చేయడానికో, అభ్యర్థులకు చదవడం తేలికవుతుందనో అలా చేసి ఉండవచ్చు. అయితే ఈ ఒక్క పనితో పుస్తకం విలువ సగం పోయింది. ఎందుకంటే మన చట్టసభల్లో ప్రశ్న ఒక వాక్యం కాదు. (అ), (ఆ), (ఇ), (ఈ) అని ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క ఒక విషయం వాస్తవమేనా అని అడుగుతుంది. అయినచో వివరాలేమిటని రెండోది, ఎంత ఖర్చయిందని మూడోది, ఎప్పటికి పూర్తవుతుందని నాలుగోది అడుగుతాయి. మొదటి ముక్కను సభ్యుడు ఎలా కట్టాడన్న దాని మీదే మిగిలిన మూడింటి బతుకు ఆధారపడి ఉంటుంది. ఫలానా చోట పైవంతెన కట్టే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా అని అడిగితే, "లేదండి" అన్న ఒక్క మాటతో మొదటి ముక్క ముగుస్తుంది. మిగిలిన మూడింటికీ కలిపి "ఉత్పన్నం కాదు" అని, అంటే ఆ ప్రశ్నే తలెత్తదని, ఒకే పంక్తి వస్తుంది. అదే సభ్యుడు ఆ కూడలిలో ఏటా ఎన్ని ప్రమాదాలు నమోదవుతున్నాయి, వాటిని తగ్గించడానికి ఇంతవరకు తీసుకున్న చర్యలేమిటి అని మొదలుపెట్టి ఉంటే, లేదండి అని తప్పించుకునే దారి మంత్రికి ఉండేది కాదు. కుదించిన ప్రశ్న కింద "ఉత్పన్నం కాదు" అని చదివిన పాఠకుడికి మంత్రి దాటవేశాడో, సభ్యుడే తలుపు తీసి ఉంచాడో ఎలా తెలుస్తుంది?

ఈ సంగతి నేను ఊరికే అనడం లేదు. ఈ ఊళ్లోని ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. చివరి పన్నెండేళ్లు ఢిల్లీకి లెక్కలు పంపే విభాగంలో ఉన్నాను. "పీక్యూ (పార్లమెంటు ప్రశ్న) వచ్చింది" అని ఫోను వచ్చిందంటే ఆ పూట మరే పనీ ఉండేది కాదు. సాయంత్రం అయిదుకల్లా సమాచారం మంత్రిత్వ శాఖకు చేరాలి. సభ్యుడు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చినా, అది సభా సచివాలయం, మంత్రిత్వ శాఖ, ప్రధాన కార్యాలయం దాటి మా బల్ల మీదికి వచ్చేసరికి మాకు మిగిలేది తరచు ఒక్క మధ్యాహ్నమే. మేము ఎన్నడూ తప్పుడు అంకె పంపలేదు. కానీ అడిగినదానికి మించి ఒక్క అంకె కూడా పంపలేదు. గత మూడేళ్ల వివరాలు అడిగితే మూడేళ్లవే ఇచ్చాం. నాలుగో ఏడు చెబితే కథ మారుతుందని తెలిసినా అది మా పని కాదనుకున్నాం. నక్షత్ర గుర్తు గల ప్రశ్న అయితే దానికి తోడు మంత్రికి అనుబంధ ప్రశ్నల నోట్ తయారుచేసేవాళ్లం. రాగల ప్రశ్నలన్నీ ఊహించి వాటికి జవాబులు రాసిపెట్టేవాళ్లం, ఆ నోట్ ప్రధాన సమాధానానికి పదింతలు ఉండేది. అసలు విషయమంతా ఆ నోట్‌లోనే ఉండేది. సభ్యుడు సరైన అనుబంధ ప్రశ్న వేస్తే అది బయటికి వచ్చేది, వేయకపోతే ఫైలులోనే ఉండిపోయేది. ఈ సంకలనంలో అనుబంధ ప్రశ్నలు అసలే లేవన్నది నా రెండో ఫిర్యాదు. ఆకుపచ్చ కాగితం మీద అచ్చువేసి, దాన్ని ఆకుపచ్చ చేసిన అసలు సరుకును వదిలేశారు.

అయినా ఈ పుస్తకం నుంచి పూర్తి లాభం పొందే దారి ఒకటి కనుక్కున్నాను. పార్లమెంటు వెబ్‌సైటులో మూల ప్రశ్న ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని, పెన్సిలుతో ప్రతి ముక్కకూ సమాధానంలో ఏ వాక్యం సరిపోతుందో గీత కలుపుకుంటూ పోయాను. "(అ) నుంచి (ఈ) వరకు" అని నాలుగింటికీ కలిపి ఒకే పేరా రాసిన సమాధానాల దగ్గర ఈ పని బాగా ఉపయోగపడుతుంది. చాలాచోట్ల (అ) నుంచి నాలుగు గీతలు బయలుదేరాయి, "ఎప్పటికి" అని అడిగిన (ఈ) దగ్గర నుంచి గీత కలపడానికి వాక్యమే దొరకలేదు.

విశాఖ కేంద్రంగా అడిగిన కొత్త రైల్వే జోన్ అధ్యాయాన్ని అలా చదివితే ఎంతో తెలుస్తుంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు కొత్త జోన్ ఏర్పాటు చేయాలని చెప్పలేదు. ఏర్పాటు విషయాన్ని ఆరు నెలల్లోగా పరిశీలించి సత్వరం నిర్ణయం తీసుకోవాలని చెప్పింది. ఆ "పరిశీలించి" అన్న మాట ఎంత సాగుతుందో ఆ తర్వాతి ఏళ్లు చూపించాయి. జోన్ ఎప్పుడిస్తారు అని అడిగిన ప్రశ్నకు పరిశీలనలో ఉందన్న జవాబు చాలు. పరిశీలన నివేదిక ఏ తేదీన అందింది, అందులో ఏం సిఫారసు చేశారు అని అడిగితే ఆ జవాబు చాలదు. 2019 ఫిబ్రవరి 27న జోన్ ప్రకటన వచ్చింది, ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఈ మధ్యకాలపు ప్రశ్నలను తేదీల వరుసలో పేర్చడం సంకలనకర్త చేసిన మంచి పని.

ఉక్కు కర్మాగారం అధ్యాయం దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. 2021 జనవరి 27న ఆర్థిక వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఆమోదించినది నూరు శాతం వాటాతో వ్యూహాత్మక పెట్టుబడుల ఉపసంహరణ, అదీ ప్రైవేటీకరణ మార్గంలో. సంకలనంలో అదే మాటను ఒక పుటలో "పెట్టుబడుల ఉపసంహరణ" అని, మరో పుటలో "వాటాల విక్రయం" అని, ఇంకో చోట కేవలం "అమ్మకం" అని అనువదించారు. వాటాలు కొన్ని అమ్మి యాజమాన్యాన్ని ప్రభుత్వమే ఉంచుకోవడం వేరు, యాజమాన్యంతో సహా అప్పగించడం వేరు. పరీక్ష రాసే పిల్లలు ఈ రెంటినీ ఒకటిగా నేర్చుకుంటే ఎలా? ఆ ఏడాది మార్చి 8న లోక్‌సభలో ఆర్థిక మంత్రి లిఖితపూర్వకంగా ఇచ్చిన సమాధానం ఎంత చిన్నదో గుర్తుంది. నూరు శాతం ఉపసంహరణకు నిర్ణయం జరిగిందని, ఆ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి వాటా లేదని అందులో ఉంది. నక్షత్ర గుర్తు లేని ఒక ప్రశ్నకు వచ్చిన ఆ కాగితం చదివి అదే రాత్రి కార్మికులు కూర్మన్నపాలెం కూడలిలో జాతీయ రహదారి మీద బైఠాయించారు. అలాంటి సమాధానాన్ని అనువదించేటప్పుడు ఒక్కొక్క మాటను తూచి వేయాలి. పైగా పుస్తకం 2024తో ఆగిపోయింది. 2025 జనవరిలో ఆ కర్మాగారానికి ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ, దాని మీద ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలు ఇందులో లేవు.

రాష్ట్ర శాసనసభ భాగం అన్నింటికన్నా హాయిగా చదువుకోవచ్చు. అనువాదం అవసరం లేకపోవడం అందుకు కారణం. "దయచేసి ఈ క్రింది విషయములు తెలియచేయుదురా" అన్న ఆ పాత మర్యాద, "అవునండి", "లేదండి" అన్న ఆ పొట్టి జవాబులు, "వివరాలు సభా సమక్షంలో ఉంచడమైనది" అన్న ఆ ముగింపు యథాతథంగా ఉన్నాయి. సభా సమక్షంలో ఉంచిన వివరాలను మాత్రం పుస్తకంలో ఉంచలేదు.

చివరి లోపం హామీల గురించి. విషయం పరిశీలనలో ఉందనో, సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతామనో మంత్రి అంటే అది హామీ కిందికి వస్తుంది. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారో లేదో చూడడానికి లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ప్రభుత్వ హామీల కమిటీలు పనిచేస్తున్నాయి. ఈ పుస్తకంలో అలాంటి సమాధానాల పక్కన ఒక చిన్న గుర్తు పెట్టి, ఆ హామీ ఏమైందో ఒక్క పంక్తి రాసి ఉంటే నేను 400 రూపాయలూ బేరం లేకుండా ఇచ్చేవాణ్ణి.

బైండింగు నాసిరకం, మూడు వారాల్లో వెనక అట్ట ఊడింది. దాన్ని తిరిగి వేయించుకోవడానికి వెళ్లినప్పుడు నా ఫిర్యాదులను సభా సంప్రదాయంలోనే ఒక కాగితం మీద రాసి ఇచ్చాను: (అ) తర్వాతి ముద్రణలో ప్రశ్నల పూర్తి పాఠం చేర్చే ప్రతిపాదన ఉన్నదా, (ఆ) ఉన్నచో, ఎప్పటికి, (ఇ) లేనిచో, అందుకు గల కారణాలేమిటి? రాసిచ్చిన తరువాత గానీ (అ)లో నేనూ అదే తలుపు తీసి ఉంచానని తోచలేదు. దుకాణం యజమాని కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, అట్ట కొత్తది వేయించి, డబ్బు తీసుకోకుండా, "సంకలనం చేసే ఆయన్ని అడిగి చెబుతాను మాస్టారూ" అన్నాడు. ఆ రోజు తేదీని కొత్త అట్ట లోపలి వైపు పెన్సిలుతో రాసుకున్నాను. మూడు నెలలు దసరాకు ముందే నిండుతాయి.