వరంగల్‌లో పోర్షె 911: గుంతల సంగతి సరే, పత్తి సంగతి చూసుకోండి

పోర్షె 911లో 992 తరం కరెరా ఎస్ నాది. దాని ఇంజన్ గురించి, పికప్ గురించి ఇక్కడ రాయను. అవి అందరికీ తెలిసినవే, ఇన్నాళ్లు వాడాక కూడా వాటి మీద మాట మార్చే అవసరం రాలేదు. హన్మకొండలో పెట్టుకుని అన్ని కాలాల్లో నడిపితేనే తెలిసే సంగతి ఒకటుంది. ఈ కారును ఇక్కడ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గుంత కాదు, స్పీడ్ బ్రేకర్ కాదు, పత్తి.

911కి ఇంజన్ వెనక ఉంటుంది గానీ రేడియేటర్లు ముందుంటాయి. ముందు బంపర్‌కు రెండు పక్కలా కనిపించే పెద్ద గాలి రంధ్రాల లోపల మొదట ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్, దాని వెనకే రేడియేటర్, ఆ వెనక ఫ్యాన్. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు వేలు కూడా దూరనంత సన్నం. రంధ్రాలేమో నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి రోడ్డు మీద దొర్లేదంతా నేరుగా వాటిలోకే పోతుంది. రంధ్రాల్లో తెరుచుకుని మూసుకునే రెక్కలున్నాయి కదా అంటారు కొందరు. అవి వేగంలో గాలి నిరోధం తగ్గించడానికి పెట్టినవి, చెత్తను ఆపడానికి కాదు. ఇది కారు తయారీ లోపం అనను. చెట్ల ఆకులు పడే ఊళ్లలో కూడా ఈ రకం కార్లకు అప్పుడప్పుడు ముందు భాగం విప్పి శుభ్రం చేయిస్తారు. మన దగ్గర ఆకుల స్థానంలో దూది ఉంది, అదే తేడా.

దసరా దాటిన దగ్గర్నుంచి పత్తి కదలడం మొదలవుతుంది. నర్సంపేట, పరకాల వైపు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు, అటు జమ్మికుంటకు ట్రాక్టర్లు, డీసీఎంలు విడి పత్తి నింపుకుని వస్తాయి. పైన పట్టా కట్టినా అంచుల్లోంచి పింజలు లేస్తూనే ఉంటాయి. అదే సమయంలో వానాకాలం వడ్లు రోడ్డు పక్కన ఆరబోసి ఉంటాయి, వాటి పొట్టు గాలికి లేస్తుంది. దూది ఒక్కటే అయితే కండెన్సర్ ముఖం మీద పొరలా అతుక్కుంటుంది, చేత్తో లాగితే వచ్చేస్తుంది. చిక్కంతా పొట్టుతో, దుమ్ముతో కలిసినప్పుడే. సన్నగా ఉన్నది అంచుల నుంచి లోపలికి జారి, రెండిటి మధ్య సందులో కింది మూలల్లో కూర్చుంటుంది. దాని మీద ఒక వాన పడిందంటే గట్టిపడి కంబళి ముక్కలా తయారవుతుంది.

లక్షణాలు మెల్లగా బయటపడతాయి. సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతుంది, బండి కదిలితే మళ్లీ బాగుంటుంది. గ్యాస్ తక్కువైందని నింపించేస్తారు చాలామంది, అది దండగ. కండెన్సర్‌కు గాలి అందకపోతే లోపలి పీడనం పెరిగి ఏసీ కంప్రెసర్ తగ్గి పనిచేస్తుంది. వేగంలో ఎదురుగాలి ఆ లోటు తీరుస్తుంది కాబట్టి హైవే మీద తేడా తెలియదు. రెండో గుర్తు, బండి ఆపాక ఫ్యాన్ మునుపటికంటే గట్టిగా, ఎక్కువసేపు తిరగడం. నీళ్ల ఉష్ణోగ్రత ముల్లు చూసి ధీమాగా ఉండొద్దు. థర్మోస్టాట్, ఫ్యాన్లు కలిసి దాన్ని 90 దగ్గరే పట్టి ఉంచుతాయి, అందుకోసం అవి ఎంత కష్టపడుతున్నాయో ముల్లు చెప్పదు. ఆయిల్ ఉష్ణోగ్రత చూడండి, అదే రోడ్డు మీద అదే వేగంలో ఎప్పటికంటే ఎక్కువ చూపిస్తుంటే ముందు బంపర్ విప్పించాలి.

శుభ్రం చేసే పద్ధతి ముఖ్యం, ఎక్కువగా పాడయ్యేది అక్కడే. వాషింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ పెట్టి ముందు నుంచి కొడతారు. దాంతో ఫిన్లు, అంటే కండెన్సర్ మీది పలచటి రేకులు, వంగి పడుకుంటాయి, పైనున్న దూది లోపలికి దిగుతుంది. చక్రాల గూళ్లలో, కింది పళ్లెంలో, పైన, ఈ కారుకు ముందే ఉండే డిక్కీ మూత అంచు కింద ఉన్న స్క్రూలు తీసి, పార్కింగ్ సెన్సర్ల వైర్లు విడదీసి, బంపర్‌ను ఇద్దరు పట్టుకుని దింపాలి. ఒక్కరే లాగితే ఫెండర్ అంచున రంగు పోతుంది. మొదట నీళ్లు తగలనివ్వొద్దు. పొడిగా ఉన్నప్పుడే మెత్తని బ్రష్‌తో, వాక్యూమ్‌తో ఫిన్ల వాలు వెంబడి దూది లాగేయాలి. తడిస్తే అది పేస్టు అవుతుంది, ఇక రాదు. తర్వాత కండెన్సర్ బిగింపులు వదులు చేసి, పైపులు విప్పకుండా, కాస్త ముందుకు వంచి మధ్య సందు శుభ్రం చేయాలి. పైపు విప్పితే గ్యాస్ పోతుంది, అది వేరే పని, వేరే ఖర్చు. చివర్లో మామూలు పైపు నీళ్లు, అదీ ఫ్యాన్ వైపు నుంచి ముందుకు వచ్చేలా. వచ్చిన దారినే బయటికి పంపాలి.

ఇదంతా ఏసీ చల్లదనం కోసమే అనుకుంటే పొరపాటు. తడి పట్టిన దూది కింది మూలల్లో నెలల తరబడి ఉంటే అల్యూమినియం తుప్పు పట్టి సన్నటి రంధ్రాలు పడతాయి, గ్యాస్ కారిపోతుంది. అప్పుడు కండెన్సర్ మార్చడం తప్ప దారి లేదు, అదీ హైదరాబాద్ వెళ్లి.

ముందు గాలి రంధ్రాలకు జాలీ వేయించడం మంచిదే. స్టీలు జాలీ, 5 నుంచి 6 మి.మీ. కన్ను ఉన్నది, ప్లాస్టిక్ టైలతో కట్టించండి. అంతకంటే సన్నదైతే గాలి ఆగిపోతుంది. ఈ కన్ను దూదిని పూర్తిగా ఆపదు, కానీ ఎక్కువ భాగం కంటికి కనిపించే చోట, చేతికి అందే చోట చిక్కుకుంటుంది. ఆ నెలల్లో పెట్రోల్ పోయించిన ప్రతిసారీ చేత్తో తీసేయొచ్చు. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీల నుంచి రాలే చిన్న రాళ్లకు కూడా అడ్డు.

ఎవరడిగినా ఇంతకుముందు ఈ కారులో ముందు భాగం లేపే లిఫ్ట్ గురించే గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అది లేని బండి ఇక్కడ కొనొద్దనే అంటాను. ముందు ఇరుసు దగ్గర సుమారు 40 మి.మీ. లేస్తుంది, 2021 మోడల్ నుంచి జీపీఎస్‌తో చోటు గుర్తుపెట్టుకుని దానంతటదే లేస్తుంది. కాకపోతే దాని హద్దు తెలిసి ఉండాలి. లేచేది ముందు మాత్రమే, అంటే బండి నడుముకు అందేది అందులో సగం, 20 మి.మీ. వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేనట్టే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. 911 ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి అలాంటి దాని మీద గట్టు చక్రాలు ఆనే చోటి కంటే నాలుగున్నర సెంటీమీటర్లు కూడా పైకి పొడుచుకు రాదు, లిఫ్ట్ లేకుండానే దాటొచ్చు. కాలనీల్లో సిమెంటుతో పోసే అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు గట్లే ప్రమాదం. వాటి మీద లిఫ్ట్ ముక్కును కాపాడుతుంది, పొట్టను కాపాడదు. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా, పాకినట్టు పోవాలి, లేదా వేరే వీధి చూసుకోవాలి. జీపీఎస్ జ్ఞాపకం మీద కూడా పూర్తిగా ఆధారపడొద్దు. మేడారం జాతర ముందు రోడ్లు కొత్తగా వేసినప్పుడు పాత బ్రేకర్లు పోతాయి, కొత్తవి ఇంకోచోట వస్తాయి.

టైర్ల గురించి రెండు ముక్కలు. వెనక 305/30, 21 అంగుళాలు, ఊళ్లో ఏ షాపులోనూ ఉండవు. స్టెప్నీ కూడా రాదు, సీలెంట్ డబ్బా ఇస్తారు. పక్క గోడ తెగితే అది పనిచేయదు, బండిని పైకెక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్ లారీ రావాల్సిందే.

కొనాలా అంటే, మీరు ఎక్కడుంటారన్నదే తేలుస్తుంది. మెయిన్ రోడ్డుకు దగ్గర ఇల్లు, పత్తి నెలల్లో తిరగడానికి ఇంకో బండి, ఏటా ఫిబ్రవరిలో బంపర్ దింపించే ఓపిక ఉంటే మే నెల ఎండలో రామగుండం దాకా వెళ్లొచ్చినా ఏసీ, ఇంజన్ రెండూ నిమ్మళంగా ఉంటాయి. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుల పక్కన ఉండేవాళ్లకు మాత్రం నేను కొనమని చెప్పను. మన వైపు తిరిగిన పాత బండి చూస్తుంటే రంగు, మైలేజీ కంటే ముందు రెండు పక్కల రంధ్రాల్లో టార్చ్ వేసి కండెన్సర్ కింది మూలలు చూడండి. అక్కడ తెల్లటి పొడిలా గానీ నూనె జిడ్డుగా గానీ కనిపిస్తే గ్యాస్ కారుతోందేమో పరీక్ష చేయించాకే ధర మాట్లాడండి.